అద్దం మీది బొట్లు

శనివారం లోపల చెయ్యాల్సిన పనుల్ని సుమలత ఒక చెడిపోయిన ప్రింటు కాగితం వెనక పెన్సిలుతో రాసుకుంది.

గగన్‌పహాడ్ జిరాక్స్ షాపు నుంచి మిగిలిన ప్రింట్లు తేవాలి.
లేతాకుపచ్చ చుడీదార్ ఇస్త్రీకి వెయ్యాలి.
పెద్దమ్మకు మోకాళ్ల మాత్రలు. దవాఖాన చీటీ మర్చిపోవద్దు.
సార్‌కు మూడో బొమ్మలో అక్షరాలు పెద్దవి చేసి పంపాలి.
పన్నెండు నిమిషాల్లో ముగిసేట్టు మాట్లాడి చూసుకోవాలి.
నాలుగు వందల పన్నెండు కాగితాలూ రెండో మనిషికి చూపించాలి.
రెండో మనిషి ఎవరు?

బుధవారం సాయంత్రానికి మొదటి ఐదు పనుల మీదా అడ్డగీత పడింది. ఆఖరి రెండు మాత్రం అట్లాగే ఉన్నాయి. రెండో మనిషిగా ఉంటానన్న నవీన్‌కుమార్, యూనివర్సిటీలో ఆమె కన్నా రెండేళ్లు వెనక చేరిన పరిశోధక విద్యార్థి, చెల్లెలి నిశ్చితార్థానికని ఊరు వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఫోన్లో ఒక మాట వదిలాడు. "అక్కా, నేను చూసినట్టే రాసుకోండి. మీరు చూసినంక ఇగ నేను చూసేదేముంటది."

ఒక్కో కాగితం మీద ఒక్కో గెలాక్సీ వెలుగు రంగులవారీగా పరిచి ఉంటుంది. ఇవి మామూలు గెలాక్సీలు కావు. నడిమధ్యన ఒక కృష్ణబిలం కూర్చుని చుట్టూ ఉన్న వాయువును లాక్కుంటుంటే, ఆ వేడికి చుట్టూ ఉన్న నక్షత్రాలన్నీ కలిసినా సరిరానంతగా వెలిగే రకం. కాగితం మీద ఆ వెలుగు ఎగుడుదిగుడు నేలలా ఎడమ నుంచి కుడికి పారుతుంది. కొన్ని చోట్ల మాత్రం వాయువు తన సొంత వెలుగు కలిపి, నేల మీద కొండలా పైకి లేస్తుంది. వాటిని ఉద్గార రేఖలంటారు. సుమలత రాసిన ప్రోగ్రాము ఆ కొండ కింద ఒక నీలి గీతను నేలగా గీసి, నేలతో పోలిస్తే కొండ ఎంతుందో కొలుస్తుంది.

గెలాక్సీ ఎంత ఎక్కువ వెలిగితే నేలతో పోలిస్తే కొండ అంత కురచగా తేలుతుందని ఈ శాస్త్రం చదివినవాళ్లకు చాలా ఏళ్లుగా తెలుసు. కొండ తరిగిపోదు. నేల అంతకన్నా ఎక్కువగా పెరుగుతుంది. ఆ కురచబడటం ఎంత వేగంగా అన్నదే సుమలత పని. ఆమె లెక్కలో అది గీతగా గీస్తే అందరికీ వచ్చినదానికి రెండింతలు ఏటవాలుగా వచ్చింది. ఆమె గైడు రాజశేఖర్ సార్ ఆ వాలును చూసి తన కుర్చీ ఆమె వైపు జరిపి "కూర్చోండమ్మా" అన్నారు. ఐదేళ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

ఈ నెలతో ఆమె ఫెలోషిప్ ముగుస్తుంది. ఇంకొక ఏడాది ఇవ్వాలో వద్దో తేల్చే కమిటీ పెద్దలు శనివారం ఏర్‌పోర్టు దగ్గరి హాల్లో మొదలయ్యే రెండు రోజుల సదస్సులో ఆమె ప్రసంగం వినడానికి వస్తున్నారు. వాలు నిలబడితే ఏడాది దొరుకుతుంది, థీసిస్ పూర్తవుతుంది. లేకపోతే ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చిన పిల్ల, ఆఖరిదాన్ని సగంలో వదిలిపెట్టి వచ్చినట్టవుతుంది.

"ఏంది బిడ్డా, పొద్దటి సంది గా కాగితాలు ముంగటేస్కొని మొకం గట్ల వెట్టినవ్?"

భారతమ్మ అరుగు మీద కాళ్లు బారజాపుకుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. సుమలత తండ్రికి వదిన. భర్త పోయినప్పటి నుంచి వీళ్లతోనే ఉంటుంది.

"రెండో మనిషి కావాలె పెద్దమ్మా. నేను చూసినవే ఇంకొకరు వేరేగ చూడాలె. గట్లయితేనే లెక్క."

"ఏం చూడాలె?"

సుమలత ఒక కాగితం చూపించింది. "ఈ నీలి గీత నేల మీద సక్కగ పండుకున్నదా లేదా. అంతే."

భారతమ్మ కాగితాన్ని చేతికి తీసుకోలేదు. దూరం నుంచే తల ఒక పక్కకు వంచి చూసింది. "పంతొమ్మిదేండ్లు నేను చేసింది గదే."

కాటేదాన్‌లో చిప్స్ ప్యాకెట్ల రేకులు అచ్చువేసే కంపెనీలో ఆమె చెకింగ్ పని చేసింది. కింద ట్యూబులైటు వెలిగే అద్దపు బల్ల మీదుగా, రోలు అనే పెద్ద చుట్టలోంచి విడిపోతూ రేకు పరిగెడుతుంటే, రంగు పక్కకు జరిగిన చోటల్లా అంచుకు ఎర్ర టేపు ముక్క అంటించడం. దాన్ని జెండా అంటారు. జెండా ఉన్నంత మేర తర్వాతి మిషన్ మీద కోసి పారేస్తారు.

"నువ్వు చదువుకోనిది ఎట్ల చూస్తవే అంటరేమో మీ సార్లు" అంది భారతమ్మ, తనే.

"కండ్లుంటే చాలు పెద్దమ్మా. చదువు అక్కెరలేదు." అన్నాక సుమలతకే ఆ మాట ఎట్లానో అనిపించింది. కానీ భారతమ్మ అప్పటికే లేచి, టీవీ పక్కన ఉండే ఎర్ర బొట్టు బిళ్లల అట్టలు రెండు తెచ్చుకుంది. ఇంట్లో ఎర్ర టేపు లేదు.

గురువారం తెల్లారినప్పటి నుంచి ఆమె ఆ పని మీదే కూర్చుంది. కాగితాలను ఒక్కొక్కటే పట్టుకుని చూడమంటే ఒప్పుకోలేదు. "నిలవడ్డదాన్ని చూస్తే కండ్లు మోసం జేస్తయ్. నడువాలె." ఎడమ చేత్తో కట్టలోంచి లాగుతూ, కుడి చేత్తో పక్కకు తోస్తూ, కాగితాలను ఒక వరసగా తన ముందు నుంచి నడిపించింది. చేతులు ఆగినప్పుడల్లా ఒక బొట్టు పడేది. కాగితాల మీద ఏ గెలాక్సీ ఎంత వెలుగుతుందో రాసి ఉండదు. చూసేవాళ్లకు తెలియకూడదని సుమలత ఆ అంకెలు తీసేసి, గెలాక్సీ నంబరొకటే ఉంచి, అన్నింటినీ కలగాపులగం చేసింది.

"కొండ కొనను చూస్తలేవా పెద్దమ్మా?"

"కొన అందరికీ కనవడ్తది. పాదం చూడాలె."

నెత్తి మీదుగా విమానం వెళ్లింది. ఇద్దరూ మాట ఆపి, అది దాటాక అందుకున్నారు. ఆ ఇంట్లో అందరి మాటలూ అట్లా మధ్యలో ఆగి మొదలయ్యేవే.

"ఇంతకీ ఏం కనుక్కుంటున్నవే దీంతోని?"

సుమలత చెప్పింది. వెలుగు పెరిగితే కొండ కురచగా కనిపించడం గురించి, కొండలో తప్పేమీ లేకపోవడం గురించి. భారతమ్మ చేతులు ఆపకుండానే విన్నది.

"మన బజారు కరెంటు కంబం మీది బుగ్గ లెక్కనన్నట్టు. ఏర్‌పోర్టు రాకముందు గా ఒక్క బుగ్గకే వాడంత తెల్లగుండేది. ఇప్పుడు అదే బుగ్గ, అదే కరెంటు. ఉన్నదా పోయిందా అని నిక్కి చూడాలె."

రాజశేఖర్ సార్ మొదటి ఏడాది రెండు క్లాసులు తీసుకుని చెప్పింది అదే. సుమలత నవ్వింది. ఆ ఉదాహరణను ప్రసంగంలో వాడుకుంటే బాగుంటుందని మనసులో రాసిపెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం భారతమ్మ కట్టను అప్పగించింది. "అర్వై ఒకటి. నంబరు రాస్కో."

అన్ని ఉంటాయని సుమలత అనుకోలేదు. తను చూసినప్పుడు ఒక్కటీ తప్పనిపించలేదు. ముసలి కళ్లు, బొట్లు ఎక్కువే పడి ఉంటాయనుకుంటూ నోట్సులో నంబర్లు రాసి, లాప్‌టాప్‌లో వాటి వెలుగులు తీసింది. అరవై ఒకటిలో అరవై ఆమె పట్టికలో అన్నింటికన్నా పైనున్న డెబ్బైలోవే. అన్నింటికన్నా ఎక్కువ వెలిగేవి.

ఒక కాగితం తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఈసారి పాదం చూసింది. నీలి గీత నేల మీద లేదు. కొండ వాలు మీద ఎక్కి కూర్చుంది. ఎంత దూరంలో నేల వెతకాలో ప్రోగ్రాముకు తనే చెప్పింది, అన్నింటికీ ఒకే దూరం. మసక గెలాక్సీల కొండలు సన్నం, వాటికి ఆ దూరం సరిపోయింది. బాగా వెలిగేవాటి కొండలు పాదాల దగ్గర వెడల్పు. ప్రోగ్రాము వాలునే నేల అనుకుని, కొండను సగానికి కోసి కొలిచింది.

పది కాగితాలకు దూరం పెంచి మళ్లీ కొలిచింది. పదీ పెరిగాయి. వాటిని బట్టి లెక్కేస్తే ఆమె ఏటవాలు మెల్లగా పడుకుని, ఇరవై ముప్ఫై ఏళ్లుగా అందరికీ వస్తున్న మామూలు వాలు మీదికి వచ్చి ఆగింది.

అప్పుడే ఫోను మోగింది.

"ఏమ్మా, అంతా సిద్ధమేనా?" రాజశేఖర్ సార్ గొంతు ఎప్పటికన్నా హుషారుగా ఉంది. "కమిటీలో ఇద్దరితో మాట్లాడాను. మీ వాలు గురించి చెప్పాను. ఎదురుచూస్తున్నారు. రెండో పరిశీలన అయిందా?"

"అయింది సార్."

"తేడాలేమన్నా వచ్చాయా?"

సుమలత బీరువా ముందు నిలబడి ఉంది. అద్దంలో తన మొహం, చేతిలో బొట్టున్న కాగితం కనిపిస్తున్నాయి.

"లేదు సార్."

"శభాష్. రేపు కలుద్దాం."

ఫోను పెట్టేసి కట్ట ముందు కూర్చుంది. ఒక్కో కాగితం నుంచి బొట్టు గోటితో లేపింది. తీసిన బొట్టును ఎక్కడ పెట్టాలో చేతికి తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఇంటి ఆడవాళ్లు చేస్తున్నదే. బీరువా అద్దం అంచుకు ఒకటి, దాని పక్కన ఇంకొకటి. ఏం చేస్తోందో చూసుకోకుండానే అరవై ఒకటీ అంటించేసింది. మనసంతా రేపటి పన్నెండు నిమిషాల మీద ఉంది.

శనివారం పన్నెండు నిమిషాలు పదకొండున్నరలో ముగిశాయి. బజారు బుగ్గ ఉదాహరణకు హాలంతా ఇష్టంగా నవ్వింది. ముందు వరసలోంచి పుణె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చెయ్యెత్తింది.

"వెలుగు ఎక్కువున్నవాటికి కొండ పాదం వెడల్పుగా ఉంటుంది కదమ్మా. నీ నేల సరైన చోటే దొరికిందా?"

అడిగిన తీరులో పట్టుకోవాలన్న కోరిక లేదు. జారకుండా చెయ్యి అందించినట్టే ఉంది. సుమలతకు ఆ చెయ్యి స్పష్టంగా కనిపించింది.

"ఇద్దరం విడివిడిగా చూశాం మేడమ్."

"రెండోవారు ఎవరు?"

"నవీన్‌కుమార్. మా డిపార్ట్‌మెంటే."

ఆవిడ తలూపి రాసుకుంది. చప్పట్లు పడ్డాయి. భోజనాల దగ్గర రాజశేఖర్ సార్ కమిటీలో ఒకాయన్ని తీసుకొచ్చి పరిచయం చేశారు. ఆయన "ఏడాది గురించి దిగులు పెట్టుకోకు" అన్నాడు. సుమలత ప్లేటులో అన్నాన్ని కలుపుతూనే ఉంది, నోట పెట్టుకున్న గుర్తు లేదు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. భారతమ్మ బీరువా ముందు పీట వేసుకుని తల దువ్వుకుంటోంది. సుమలత చెప్పులు విడుస్తూ అద్దాన్ని చూసింది. అంతవరకూ అది గుర్తు రాలేదు.

"అర్వై ఒకటి" అంది భారతమ్మ, దువ్వెన ఆపకుండా. "రెండు మాట్ల లెక్కవెట్టిన."

సుమలత గుమ్మం దగ్గరే నిలబడింది.

"కోసినంకనే తీస్తరు జెండా. కోసినవా?"

"లేదు పెద్దమ్మా."

"నేను తప్పు వెట్టిన్నా?"

"నువ్వు పెట్టింది కరెక్టే. నీదే కరెక్టు."

భారతమ్మ దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంది. మళ్లీ విప్పింది.

"మా కంపెనీల ఒక సూపర్‌వైజరుండె. కోస్తే టైమైతదని నా జెండాలు పీకి రోలు అట్లనే పంపిండు. కొన్న పార్టీ వాపస్ కొట్టింది. రోలు లోపట చీటీ ఉంటది, చూసినోళ్ల టేబుల్ నంబరుతోని. ఏడు. ఏడెవలు? నేను. రేపటి సంది రాకన్నరు."

"నువ్వు చెప్పలేదా?"

"జెండాలేవని అడిగిన్రు. ఏడికెల్లి జూపియ్యాలె?"

"మోకాళ్ల నొప్పులకు మానినవనుకున్న."

"మోకాళ్లు తర్వాత నొచ్చినయ్."

విమానం వెళ్లింది. అది దాటిపోయేదాకా భారతమ్మ అద్దంలోకే చూసింది.

"ఆడ ఎవలు చూసిన్రని అడిగిన్రా?"

"అడిగిన్రు."

"నా పేరు చెప్పినవా?"

"నవీన్ పేరు చెప్పిన."

"మంచిగైంది" అంది భారతమ్మ. "రోలు వాపస్ వస్తే పోరనికే తలుగుతది."

తిట్టి ఉంటే బాగుండేది. సుమలత గోడ పక్కన కూర్చుంది. భారతమ్మ తలముడి వేసుకుని, గోడ పట్టుకుని లేచి, వంటింట్లోంచి చిన్న గిన్నెలో నాలుగు అన్నం మెతుకులు తెచ్చింది.

"గా కాగితాలియ్యి."

ఆమె మళ్లీ నాలుగు వందల పన్నెండింటినీ నడిపించింది. చేతులు ఆగిన చోటల్లా సుమలత అద్దం మీంచి ఒక బొట్టు తీసి అందించేది. బొట్లకు జిగురు పోయింది. వెనక మెతుకు నలిపి రాసి అంటించాల్సి వచ్చింది. సుమలత తల్లి రేణుకమ్మ ఒకసారి తొంగిచూసి, వీళ్ల మొహాలు చూసి, టీ గ్లాసులు గడప దగ్గరే పెట్టి వెళ్లింది. చీకటి పడే వేళకు కట్ట అయిపోయింది. అద్దం మీద ఒక బొట్టు మిగిలింది.

సుమలత నోట్సు తీసి సరిచూసింది. అరవై నంబర్లు మొన్నటివే. ఒకదానికి మాత్రం ఈసారి బొట్టు పడలేదు. మసక గెలాక్సీ అది. దాన్ని బయటికి తీసి చూపించింది.

భారతమ్మ కాగితాన్ని దూరం పెట్టి తల వంచి చూసింది. "ఇది మంచిగనే ఉన్నది. మొన్న నేనే తప్పు వెట్టిన. రాస్కో, నా తప్పని."

"ఒక్కదానికేమైతది పెద్దమ్మా."

"రాస్కో."

సుమలత రాసుకుంది. రాస్తుంటే పెన్సిలు ములుకు విరిగింది.

ఆదివారం ఉదయం హాలు బయట కాఫీ బల్ల దగ్గర రాజశేఖర్ సార్‌కు కట్ట అందించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. మొన్న ఫోనులో అబద్ధం చెప్పానని కూడా చెప్పింది. ఆయన కాగితాలు ఒక్కొక్కటే తిప్పారు. ఒక బొట్టు మీద వేలు పెట్టి చూశారు. ఎండిన మెతుకు గరుకుగా తగిలి ఉంటుంది.

"ఇది మీరు శుక్రవారమే చెప్పాలమ్మా."

"తప్పయింది సార్."

"ఎవరు చూశారు వీటిని?"

"మా పెద్దమ్మ సార్. ఏడో తరగతి చదివింది. కాటేదాన్‌లో చెకింగ్ చేసేది."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇందులో ఇరవై నేనూ చూశాను. నాకూ కొనలే కనిపించాయి." కట్ట తిరిగి ఇచ్చారు. "ఆఖరి సెషన్‌లో రెండు నిమిషాలు అడుగుతాను. మీరే చెప్పండి."

ఆ రెండు నిమిషాల్లో సుమలత వాలు తప్పని చెప్పింది. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పింది. రెండోసారి చూసింది నవీన్‌కుమార్ కాదని, తన పెద్దమ్మ భారతమ్మ అని, ఆమె చెప్పింది తెలిసీ దాచానని చెప్పింది. పుణె ఆవిడ మొదట లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత హాలంతా లేచింది. నిన్నటి కన్నా ఎక్కువసేపు కొట్టారు. బయటికి వస్తుంటే ముక్కూమొహం తెలియనివాళ్లు చెయ్యి కలిపి, ఈ రోజుల్లో ఇంత నిజాయితీ ఎక్కడుందన్నారు. ఒకాయన ఆమె పేరు, ఊరు అడిగి రాసుకున్నాడు. భారతమ్మ గురించి ఎవరూ రెండో ప్రశ్న అడగలేదు.

ఇంటికి వచ్చి అరుగు మీద పెద్దమ్మ పక్కన కూర్చుంది.

"నీ పేరు చెప్పిన పెద్దమ్మా. అందరు లేచి చప్పట్లు కొట్టిన్రు."

భారతమ్మ మోకాలు రుద్దుకుంటూ అడిగింది, మామూలుగానే.

"ఎవలికి బిడ్డా?"

పైన విమానం వచ్చింది. అది ఇల్లు దాటింది, చింతల తోపు దాటింది, చప్పుడు పూర్తిగా అణిగింది.

ఏడాది అడిగిన చోట కమిటీ ఆరు నెలలిచ్చింది. వాటిలో ఆమె వ్యాసం పూర్తి చేసింది. కొత్త సంగతేమీ లేని వ్యాసం. వెలుగు పెరిగితే రేఖ కురచగా తేలుతుంది, అందరూ అన్న వాలులోనే. అందుకని దాన్ని చదివేవాళ్లు కొద్దిమందే ఉంటారు. అందులో ఒక పొడుగాటి పట్టిక ఉంది. ఆఖరి నిలువు వరసలో అరవై చోట్ల చిన్న ఎర్ర చుక్క ఉంటుంది, పట్టిక కింద ఆ తప్పులు పట్టింది భారతమ్మ అని ఒక వాక్యం ఉంటుంది. ఎప్పుడైనా ఆ పట్టిక మీ కంటపడితే, పైన రచయితగా ఉన్న పేరును దాటేసి నేరుగా కిందికి రండి. ఆ చుక్కల దగ్గర జర ఆగండి. కాటేదాన్‌లో ఏడో నంబరు బల్ల దగ్గర పంతొమ్మిదేళ్లు నిలబడి, తను చెయ్యని తప్పుకు ఇంటికి వచ్చి, తను చేసిన ఒక్క తప్పును అడిగి మరీ రాయించుకున్న భారతమ్మను గుర్తుపెట్టుకోండి. అరవై ఒకటో బొట్టు ఇప్పటికీ ఆ అద్దం మీదే ఉంది.